మూత తీస్తే తిరుగుతోందిరా అన్నాడు బాబాయి, నేను వినలేదు

 

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం సిగ్గుపడుతూ చేస్తున్నాను. మామూలుగా మన వీడియోల్లో పాడైన మిషన్ వస్తుంది, విప్పుతాం, బాగు చేస్తాం, చివర్లో స్టార్ట్ చేసి చూపిస్తాం. ఈసారి వచ్చిన మిషన్ కొంచెమే పాడైంది. దాన్ని పూర్తిగా పాడు చేసింది నేనే. ఆ తర్వాత బాగు చేశాననుకోండి. కానీ మధ్యలో ఏం జరిగిందో దాచేసి చివరి రెండు నిమిషాలు మాత్రం పెడితే అది మోసం అవుతుంది. అందుకే మొత్తం చెప్తున్నా.

మా ఇంటి వెనక పాత పశువుల పాక ఉందని మీకు తెలుసు. ఇప్పుడు అందులో ఆవుల్లేవు, ఒక బల్ల, ఒక వైస్, నా స్పానర్లు ఉన్నాయి. మాది కోనసీమ. చుట్టూ కొబ్బరి తోటలే. వానలు పడ్డాయంటే చెట్ల కింద గడ్డి నడుము దాకా లేస్తుంది. గడ్డిలో కొబ్బరికాయ పడితే కనపడదు, పాము ఉన్నా కనపడదు. అందుకని గడ్డి కోసే మిషన్ ఉన్నవాళ్ళకి ఆ రెండు మూడు నెలలు చేతినిండా పని.

మా వీధి చివర ఒక బాబాయి ఉన్నాడు. పేరు చెప్పనులెండి. ఆయనకి పాత గడ్డి కోసే మిషన్ ఉంది. భుజానికి తగిలించుకునే టైపు, 43 సీసీ, టూ స్ట్రోక్ ఇంజన్. తోటకి మిషన్‌తో వెళ్తే ఒక కూలి, ఉత్త చేతులతో వెళ్తే అందులో సగం కూడా రాదు. అంటే ఆ మిషన్ ఆయనకి ఇంట్లో ఇంకో సంపాదించే మనిషి లాంటిది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఒక రోజు సాయంత్రం ఆయన మిషన్ పట్టుకుని పాక దగ్గరికి వచ్చాడు. "ఏరా అబ్బాయ్, నువ్వు వీడియోల్లో బాగు చేస్తున్నావంట గదా, ఇది కొంచెం చూడరా" అన్నాడు. నాకేమో లోపల సంబరం. మంచి కంటెంట్ దొరికింది అని. వెంటనే ఫోన్ స్టాండ్‌కి పెట్టి రికార్డ్ నొక్కాను.

సమస్య ఏంటంటే, మిషన్ స్టార్ట్ అవుతుంది. పది నిమిషాలు బ్రహ్మాండంగా తిరుగుతుంది. తర్వాత మెల్లగా గొంతు పడిపోయినట్టు అయిపోయి ఆగిపోతుంది. కాసేపు ఆగితే మళ్ళీ స్టార్ట్ అవుతుంది. మళ్ళీ పది నిమిషాలు. మళ్ళీ ఆగుతుంది.

నేను అక్కడే డిసైడ్ అయిపోయాను, కార్బరేటర్ అని. ఎందుకంటే అంతకు ముందు నేను బాగు చేసిన మూడు మిషన్లలోనూ కార్బరేటరే. ఆయన ఇంకా ఏదో చెప్తూనే ఉన్నాడు. నేను "సరే బాబాయ్, నేను చూసుకుంటాలే" అని పంపించేశాను.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ కార్బరేటర్ గురించి చెప్తాను, తెలుసుకోవాల్సిన విషయమే. బైక్ కార్బరేటర్‌లో కింద చిన్న గిన్నె ఉంటుంది, అందులో పెట్రోల్ నిలబడుతుంది. గడ్డి కోసే మిషన్‌ని మనం అటూ ఇటూ వంచుతాం, గట్టు మీద అయితే దాదాపు పక్కకి పడుకోబెట్టినట్టు పట్టుకుంటాం. గిన్నె ఉంటే పెట్రోల్ ఒలికిపోతుంది. అందుకే ఇందులో గిన్నె బదులు పల్చటి పొరలు ఉంటాయి, డయాఫ్రమ్ అంటారు. ఇంజన్ లోపల పిస్టన్ పైకీ కిందకీ కదులుతుంటే వచ్చే ఒత్తిడికి ఒక పొర కొట్టుకుంటూ పెట్రోల్‌ని ట్యాంక్ నుంచి లాగుతుంది. ఇంకో పొర ఎంత కావాలో అంతే లోపలికి వదులుతుంది. ఆ పొర గట్టిపడి అట్టముక్కలా అయిందంటే సరిగా ఊగదు, పెట్రోల్ సరిగా రాదు.

పాత మిషన్లలో ఇది మామూలే. దానికి తోడు మనకి 2023 ఫిబ్రవరి నుంచి ఇ-20 పెట్రోల్ రావడం మొదలైంది, అంటే అందులో 20 శాతం ఇథనాల్. ఇథనాల్ గాలిలో తేమని లాక్కుంటుంది. మిషన్‌ని నెలల తరబడి ట్యాంక్ నిండా పెట్రోల్‌తో మూల పెట్టేస్తే నీరు చేరి అడుగున విడిపోవచ్చు. అలాంటి పెట్రోల్ కోసం చేయని పాత రబ్బరు పైపులు కూడా తొందరగా పాడవుతాయి. కాబట్టి సీజన్ అయిపోయాక ట్యాంక్ ఖాళీ చేసి, కార్బరేటర్‌లో మిగిలింది కూడా అయిపోయేదాకా తిప్పి ఆపేసి, అప్పుడు మూల పెట్టండి. ఈ ఒక్క పని చేస్తే వచ్చే ఏడాది సగం రిపేర్లు రావు.

సరే, కథలోకి వద్దాం. నేను కార్బరేటర్ విప్పాను. శుభ్రం చేశాను. లోపల సన్నటి జల్లెడ ఉంటుంది, దాన్నీ కడిగాను. పొరలు మార్చాను. చాలా పద్ధతిగా చేశాను, ఆ భాగం వీడియో చూస్తే మీరే మెచ్చుకుంటారు. మళ్ళీ బిగించాను. టెస్ట్ చేయాలి. ట్యాంక్ ఖాళీగా ఉంది. పక్కన డబ్బాలో పెట్రోల్ ఉంది. పోశాను.

అది మా నాన్న బండి కోసం తెచ్చిన పెట్రోల్.

తెలిసినవాళ్ళు ఇప్పటికే తల పట్టుకుని ఉంటారు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. ఇప్పటి బైకులు ఫోర్ స్ట్రోక్. వాటికి ఇంజన్ ఆయిల్ వేరే ఉంటుంది, అడుగున నిలబడి ఉంటుంది, పెట్రోల్‌తో కలవదు. టూ స్ట్రోక్ ఇంజన్‌లో ఆ ఏర్పాటు లేదు. పెట్రోల్‌లోనే టూ-టి ఆయిల్ కలిపి పోయాలి. ఆ కలిపిన ఆయిలే లోపలికి వెళ్ళి పిస్టన్‌కి, బేరింగులకి జిడ్డు ఇస్తుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, లూనా, పాత ఎక్సెల్ నడిపిన రోజుల్లో బంకులో పెట్రోల్‌తో పాటు ఆయిల్ కొట్టించుకునేవాళ్ళు. అదీ సంగతి.

ఆయిల్ లేకపోతే ఏమవుతుంది? ఈ ఇంజన్ ఫుల్ రేజ్‌లో నిమిషానికి ఏడెనిమిది వేల చుట్లు తిరుగుతుంది. అంటే పిస్టన్ సెకనుకి వందసార్లకి పైగా పైకీ కిందకీ వెళ్ళి వస్తుంది. మధ్యలో జిడ్డు లేదు. అల్యూమినియం పిస్టన్ వేడెక్కి ఉబ్బుతుంది, బోరుని రాసుకుంటుంది, దానికే అంటుకుపోతుంది.

నాకు ఇదంతా తెలియదా అంటే, తెలుసు. ఇంతకు ముందు ఒక ఎపిసోడ్‌లో నేనే చెప్పాను కూడా. తెలియక చేసిన తప్పు కాదిది. కెమెరా ఆన్‌లో ఉంది, వెలుతురు పోతోంది, స్టార్ట్ అయ్యే షాట్ కావాలి. ఆ తొందర.

మిషన్ ఒక్క లాగుకే స్టార్ట్ అయింది. లోపల పాత ఆయిల్ తడి కొంచెం ఉంటుంది కదా, అందుకే మొదట బాగానే తిరిగింది. నేను కెమెరా వైపు చూసి నవ్వాను. ఫుల్ రేజ్ ఇచ్చాను. మూడు నాలుగు నిమిషాలు గడిచాయి. శబ్దం మారింది. రేజ్ అలాగే పట్టుకుని ఉన్నా చుట్లు తగ్గిపోతున్నాయి. కీచుమని ఒక చప్పుడు. అంతే. ఆగిపోయింది. తాడు లాగితే రాలేదు. గోడలో మేకు లాగినట్టుంది.

మా నాన్న గేటు దగ్గర నిలబడి చూస్తున్నారు. దగ్గరికి కూడా రాలేదు. అక్కడి నుంచే అడిగారు, "అందులో ఆయిల్ కలిపావా?" అని.

(క్లిప్‌లో ఇక్కడ పన్నెండు సెకన్లు ఎవరూ మాట్లాడరు.)

మరుసటి రోజు పొద్దున్నే బాబాయి వచ్చాడు. "అయ్యిందా?" అన్నాడు. నేను ఏమన్నానో తెలుసా? "పార్ట్ రావాలి బాబాయ్, ఒకట్రెండు రోజులు పడుతుంది" అన్నాను. అది అబద్ధం అని ఎవరూ పట్టుకోలేరు. పార్ట్ నిజంగానే రావాలి. కానీ ఎందుకు రావాలో చెప్పలేదు. ఆయన "సరేలేరా" అని వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆయనకి పని లేదు. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఉండటం మా మేడ మీద నుంచి కనిపించింది.

ఆ సాయంత్రం వెళ్ళి చెప్పేశాను. "బాబాయ్, నీ మిషన్ నేనే పాడు చేశాను. ఆయిల్ కలపకుండా పోశాను. పిస్టన్ పట్టేసింది. ఖర్చంతా నాది" అని. ఆయన కేకలేస్తాడనుకున్నాను. వేయలేదు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "రేపు పెద్ద తోటలో పని ఒప్పుకున్నానురా" అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది.

మా నాన్నకి తెలిసినవాళ్ళ తోటలో ఒక మిషన్ ఖాళీగా ఉంటే, రెండు రోజుల తర్వాత అది అద్దెకి తెచ్చి ఇచ్చాను. అద్దె నేనే కట్టాను. పోయిన రోజుల కూలి కూడా లెక్కకట్టి ఇచ్చాను, ముందు వద్దన్నాడు, పిన్ని తీసుకుంది. పిన్నిదే కరెక్ట్.

ఇప్పుడు రిపేర్ సంగతి. ఇది మీకు ఉపయోగపడుతుంది కాబట్టి వివరంగా చెప్తాను.

ఇంజన్ పట్టేసిందని అనుమానం వస్తే మొత్తం విప్పక్కర్లేదు. ముందు ప్లగ్ క్యాప్ పీకేయండి. సైలెన్సర్ విప్పండి, మామూలుగా రెండు బోల్టులే. ఆ రంధ్రంలోంచి ఫోన్ టార్చ్ వేసి చూస్తే పిస్టన్ పక్క భాగం కనిపిస్తుంది. నున్నగా ఉంటే మంచిది. నిలువుగా గీతలు, గీరుకుపోయినట్టు ఉంటే పట్టేసినట్టే. నా దాంట్లో పిల్లి గోకినట్టుంది.

బోరు కూడా గీరుకుపోవడంతో బ్లాక్, పిస్టన్, రింగులు కలిసిన సెట్ కొన్నాను. 1,400 రూపాయలు అయింది. బిగించేటప్పుడు నాలుగు జాగ్రత్తలు. ఒకటి, పిస్టన్ మీద బాణం గుర్తు ఉంటే అది సైలెన్సర్ వైపు ఉండాలి. రెండు, రింగు పెట్టే గాడిలో చిన్న పిన్ను ఉంటుంది. రింగు రెండు కొసలూ ఆ పిన్ను దగ్గరికే రావాలి. పక్కకి జరిగితే కొస వెళ్ళి రంధ్రంలో తగులుకుని రింగు విరిగిపోతుంది. మూడు, గడ్జన్ పిన్నుకి పెట్టే చిన్న క్లిప్పులు ఎగిరి ఇంజన్ లోపల పడతాయి, కాబట్టి ముందే కింద గుడ్డ కుక్కండి. నాలుగు, బిగించే ముందు పిస్టన్‌కీ బోరుకీ టూ-టి ఆయిల్ రాయండి. మొదటిసారి తిరిగేటప్పుడు లోపల పొడిగా ఉండకూడదు.

ఆయిల్ ఎంత కలపాలి? మిషన్ పుస్తకంలో ఉంటుంది, లేదా ట్యాంక్ మూత మీద రాసి ఉంటుంది. 25కి 1 అని ఉంటే లీటర్ పెట్రోల్‌కి 40 మిల్లీలీటర్లు. 50కి 1 అని ఉంటే 20 మిల్లీలీటర్లు. కంటి అంచనా వద్దు, మందుల షాపులో సిరంజి దొరుకుతుంది, దాంతో కొలవండి. ట్యాంక్‌లో కలపొద్దు, విడిగా డబ్బాలో కలిపి బాగా ఊపి పోయండి. ఇంకో మాట, ఫోర్ స్ట్రోక్ గడ్డి మిషన్లు కూడా ఉన్నాయి. ఇంజన్‌కి ఆయిల్ పోసే మూత వేరుగా ఉంటే అది ఫోర్ స్ట్రోక్, దాని పెట్రోల్‌లో ఆయిల్ కలపక్కర్లేదు.

బిగించాను. పాక బయటికి తెచ్చి స్టార్ట్ చేశాను. ఎప్పుడూ బయటే స్టార్ట్ చేయండి. మూసిన గదిలో ఇంజన్ పొగ పీలిస్తే అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన రాదు, ప్రాణం తీస్తుంది. ఈ విషయంలో మాత్రం నో జోక్స్.

స్టార్ట్ అయింది. కొత్త పిస్టన్ కాబట్టి సగం రేజ్‌లోనే తిప్పుతూ దొడ్లో గడ్డి కోశాను. హమ్మయ్య అనుకున్నాను.

పావుగంట తర్వాత గొంతు పడిపోయినట్టు అయింది. ఆగిపోయింది.

అవును. అదే సమస్య. మొదట ఆయన తెచ్చినప్పుడు ఏదైతే ఉందో, అదే. కార్బరేటర్ కడిగాను, పొరలు మార్చాను, కొత్త బ్లాక్ వేశాను. ఆయన చెప్పిన సమస్య మాత్రం చెక్కు చెదరకుండా అక్కడే ఉంది.

ఆ రాత్రి నిద్ర పట్టక, పోనీ వీడియో ఎడిట్ చేద్దామని మొదటి రోజు రికార్డింగ్ తెరిచాను. నలభయ్యో సెకను దగ్గర బాబాయి మాట వినిపించింది. వినండి.

(క్లిప్: "అదేంటోరా, ఆగిపోయినప్పుడు పెట్రోల్ ఉందో లేదో చూద్దామని మూత తీస్తే, మళ్ళీ పెట్టి లాగితే తిరుగుతోందిరా..." దాని మీదే నా గొంతు: "సరే బాబాయ్, నేను చూసుకుంటాలే.")

ఆయన సమస్యతో పాటు సమాధానం కూడా చెప్పాడు. నేను ఆయన మాట మీద మాట్లాడేశాను.

విషయం ఏంటంటే, ట్యాంక్‌లోంచి పెట్రోల్ బయటికి వెళ్తుంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి. అందుకోసం మూతలో సన్నటి దారి ఉంటుంది. కొన్ని మిషన్లలో మూతలో కాకుండా చిన్న పైపు చివర ఉంటుంది. ఆ దారి మూసుకుపోతే, పెట్రోల్ తగ్గేకొద్దీ లోపల గాలి పల్చబడి, పెట్రోల్‌ని వెనక్కి పట్టుకుంటుంది. కొబ్బరి బోండాంలో స్ట్రా పెట్టి, రంధ్రం చుట్టూ గాలి దూరకుండా వేలితో మూసేసి పీల్చి చూడండి, కాసేపటికి నీళ్ళు రావు. అచ్చం అంతే. మూత తీస్తే గాలి లోపలికి వెళ్తుంది, మళ్ళీ పది నిమిషాలు తిరుగుతుంది. ఆయన పెట్రోల్ చూసుకోవడానికి మూత తీస్తున్నాడు, తెలియకుండానే రిపేర్ చేసుకుంటున్నాడు.

పొద్దున్నే మూత విప్పి చూశాను. దారిలో మట్టీ ఆయిలూ కలిసి గట్టిపడి ఉంది. పెట్రోల్‌లో నానబెట్టి గాలి కొట్టాను. అక్కడ చిన్న రబ్బరు వాల్వ్ ఉంటుంది కాబట్టి సూది పెట్టి పొడవకండి. ఐదు నిమిషాల పని. ఖర్చు సున్నా.

నేను ఇంతకు ముందు సాఫ్ట్‌వేర్‌లో పని చేశాను కదా. అక్కడ సర్వర్ పడిపోతే మొదట చేసే పని లాగ్స్ చదవడం. లాగ్ చదవకుండా కోడ్ మార్చావంటే మేనేజర్ ఊరుకోడు. మిషన్‌కి లాగ్స్ ఎక్కడుంటాయి? రోజూ దాన్ని భుజాన మోసే మనిషి దగ్గర. ఎప్పుడు ఆగింది, ఆగే ముందు శబ్దం ఎలా మారింది, ఏం చేస్తే మళ్ళీ తిరిగింది, అన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. ఆయనకి డయాఫ్రమ్ అనే పేరు తెలియకపోవచ్చు. నాకు ఆ పేరు తెలిసి ఏం ఒరిగింది?

అందుకని ఇప్పుడు నా పద్ధతి మార్చుకున్నాను. మిషన్ ఎవరు తెచ్చినా ముందు ఐదు నిమిషాలు స్పానర్ ముట్టుకోను. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాస్తాను. తర్వాత బయట నుంచి లోపలికి, చవక నుంచి ఖరీదుకి వెళ్తాను.

మొదట ట్యాంక్: సరైన పెట్రోలేనా, మూతలో గాలి ఆడుతోందా, లోపల పైపు చివర ఉండే ఫిల్టర్ శుభ్రంగా ఉందా. తర్వాత ఎయిర్ ఫిల్టర్. తర్వాత ప్లగ్గు. చాలాసేపు లాగినా ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోల్ రావట్లేదు, బాగా తడిగా ఉంటే ఎక్కువైంది. పది నిమిషాలకి ఆగిపోయే మిషన్ అయితే, ఆగిన వెంటనే, వేడి మీదే ప్లగ్గు విప్పి, క్యాప్‌కి తగిలించి, ఇంజన్ ఇనుముకి ఆనించి తాడు లాగండి. ట్యాంక్ మూత వేసి ఉండాలి, దగ్గర్లో పెట్రోల్ ఒలికి ఉండకూడదు. నిప్పురవ్వ వస్తే కరెంట్ వైపు బాగానే ఉంది, పెట్రోల్ వైపు చూడండి. రాకపోతే వేడికి కాయిల్ పోతోందేమో చూడాలి. స్విచ్ వైరు రాసుకుపోయి ఎక్కడైనా ఇనుముకి తగులుతోందేమో కూడా చూడండి, అలా తగిలినా రవ్వ రాదు. ఇవన్నీ అయ్యాకే కార్బరేటర్. ఇంజన్ విప్పడం అన్నిటికన్నా ఆఖర్న.

ఆ సాయంత్రం మిషన్ ఇచ్చేశాను. బాబాయి మా దొడ్లోనే అరగంట ఆపకుండా కోసి చూశాడు. ఆగలేదు. అసలు తప్పు మూతలో ఉందని చెప్పాను. "నేను చెప్పాను గదరా" అన్నాడు. "చెప్పావు బాబాయ్, రికార్డ్ అయ్యింది కూడా" అన్నాను. అప్పుడు నవ్వాడు. ఈ వీడియో పెట్టనా అని అడిగితే, పెట్టుకో, నా మొహం మాత్రం వద్దు అన్నాడు.

ఆయన ఇప్పటికీ మిషన్ నా దగ్గరికే తెస్తాడు. పోయిన వారం కూడా వచ్చాడు, బ్లేడ్ బిగించే నట్టు అరిగిందని. కాకపోతే ఒక తేడా ఉంది. మిషన్‌తో పాటు ఆయిల్ కలిపిన పెట్రోల్ సీసా కూడా సొంతంగా తెచ్చుకుంటున్నాడు. మూతకి ఎర్ర గుడ్డ కట్టి ఉంటుంది. టెస్ట్ చేసేటప్పుడు నా చేతికి ఇవ్వడు, తనే పోస్తాడు.

పొయ్యనీయండి. అది న్యాయమే.

మీ ఇంట్లో ఏదైనా పాత మిషన్ మూల పడి ఉంటే, దాన్ని ఎక్కువగా వాడింది ఎవరో వాళ్ళని అడగండి, చివరిసారి ఎలా ఆగిందని. వాళ్ళు చెప్పింది పూర్తిగా విని కామెంట్‌లో రాయండి, కలిసి ఆలోచిద్దాం. వచ్చే ఎపిసోడ్‌లో మందు కొట్టే పాత స్ప్రేయర్ విప్పుదాం. ఈసారి ముందు విని, తర్వాతే విప్పుతాను. ఉంటాను మరి, నమస్తే.